కొబ్బరి నూనె చేసిన ఘనకార్యం

మా ఇంట్లో అన్నిటికీ ఒకటే మందు, కొబ్బరి నూనె. పిల్ల తలకి అదే, పగిలిన మడమలకి అదే, వేలికి బిగుసుకుపోయిన ఉంగరానికి అదే, కిర్రుమనే తలుపు బందుకీ అదే. పుట్టింటి నుంచి తెచ్చుకున్న అలవాటు. అందుకే ఆ రోజు మామయ్యగారి కారు యాంటెన్నా మొరాయిస్తే నా చెయ్యి సరాసరి కొబ్బరి నూనె సీసా మీదకే వెళ్ళింది. ఒక్క నిమిషం ఆలోచిస్తే కదా!

ఇది 2016 డిసెంబరు నాటి మాట. పెద్దనోట్లు రద్దయి నెల దాటింది. ఏటీఎం ముందు క్యూలో నిలబడటం మావారి దినచర్య అయిపోయిన రోజులవి.

మామయ్యగారిది 1997లో కొన్న తెల్ల మారుతి. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరవడానికి మూడేళ్ళ ముందు కొనుక్కున్నారు. కొన్న నెలకే విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్ళి, ఎడమవైపు ముందు చక్రం పైనుండే రేకుకి చిల్లు వేయించి, కరెంటుతో లేచే యాంటెన్నా పెట్టించారట. కొత్త కారుకి చిల్లేమిటని అత్తయ్యగారు రెండు రోజులు మాట్లాడలేదట. కానీ మొదటిసారి రేడియో వేయగానే ఆ వెండి పుల్ల జుయ్‌య్ మంటూ పైకి లేస్తుంటే వీధిలో పిల్లలంతా మూగారట. ఆవిడకీ లోలోపల ముచ్చటేసిందని తరవాత నాతో చెప్పారు.

ఇప్పటి కార్లకి అలాంటివి లేవు కనుక మీలో కొందరికి తెలియకపోవచ్చు. అది ఒకదాంట్లో ఒకటి దూరే సన్నటి గొట్టాల వరస. రేకు కింద, మనకి కనపడకుండా చిన్న మోటారు ఉంటుంది. దానికి పళ్ళున్న నైలాన్ తాడు ఒకటి. రేడియో వేయగానే మోటారు తిరిగి, ఆ తాడుని గొట్టంలోంచి పైకి తోస్తుంది, దాంతోపాటు పుల్ల లేస్తుంది. రేడియో ఆపగానే తాడు వెనక్కి వచ్చి చుట్టలా చుట్టుకుంటుంది, పుల్ల లోపలికి పోతుంది. అంతే. గిలక మీద చేద తాడు లాంటిదే, కాకపోతే ఈ తాడు తొయ్యగలదు కూడా.

2015లో మామయ్యగారికి పక్షవాతం వచ్చింది. దేవుడి దయవల్ల మనిషి లేచి తిరుగుతున్నారు కానీ కుడి చెయ్యి పట్టు తప్పింది, మాట నెమ్మదించింది. ఇక కారు నడపకూడదని డాక్టరుగారు చెప్పేశారు. ఆయన ఏమీ అనలేదు. కానీ మర్నాడు పొద్దున్నే కర్ర పట్టుకుని నెమ్మదిగా వేపచెట్టు కింద ఉన్న కారు దగ్గరకు వెళ్ళి, డ్రైవరు సీట్లో కూర్చుని, ఎడమ చేత్తో రేడియో తిప్పారు. యాంటెన్నా లేచింది. విజయవాడ కేంద్రం, ప్రాంతీయ వార్తలు. అవి అయ్యాక రేడియో కట్టి, పుల్ల పూర్తిగా లోపలికి వెళ్ళేదాకా చూసి, తలుపేసి వచ్చారు. ఆ రోజు నుంచి అదే ఆయన నియమం. ఇంట్లో రేడియో ఉంది, టీవీ ఉంది. అయినా వార్తలు కార్లోనే.

మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు కాఫీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు చూశాను. వార్తలు మొదలవకముందే ఆయన ముఖంలో ఒక తృప్తి కనిపించింది, యాంటెన్నా లేస్తున్నప్పుడు. చొక్కా గుండీ పెట్టుకోవడానికి కూడా ఇంకొకరి సాయం కావలసిన మనిషి. ఆయన చెయ్యి తిప్పితే ఠంచనుగా మాట వింటున్నది ఇంట్లో అదొక్కటే.

డిసెంబరు మొదటి వారంలో యాంటెన్నా లేచేటప్పుడు నసగడం మొదలుపెట్టింది. సగం దాకా వచ్చి ఆగడం, మామయ్యగారు మళ్ళీ తిప్పడం, కిర్రు కిర్రుమని ఇంకాస్త లేవడం. ఆయన ఎవరికీ చెప్పలేదు. వంటింటి కిటికీలోంచి వింటున్నది నేనే. మావారికి చెబితే, "ఎలాగూ వచ్చే ఏడు రిజిస్ట్రేషన్ అయిపోతుంది కదా, అప్పుడు చూద్దాంలే" అన్నారు. పదిహేనేళ్ళు నిండినప్పుడు 2012లో ఇంకో అయిదేళ్ళకి చేయించారు. 2017లో మళ్ళీ చేయించాలి. చేయించకుండా అమ్మేద్దామని మావారి ఆలోచన. ఆ "చూద్దాంలే"లో నాకు అదే వినపడింది.

ఆ మధ్యాహ్నం మామయ్యగారు పడుకున్నాక, నేను వెళ్ళి రేడియో వేసి, లేచినంతవరకూ లేచిన పుల్లకి పైనుంచి కిందిదాకా కొబ్బరి నూనె పట్టించాను. గొట్టం మూతి దగ్గర కూడా నాలుగు చుక్కలు వదిలాను. నాలుగైదుసార్లు రేడియో వేసి కట్టాను. అబ్బో, వెన్నలో కత్తిలా దిగింది! నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు పొద్దున్న చలి. మా బెజవాడ చలి ఎంతని, ఇరవై డిగ్రీలకి అటూ ఇటూ. కానీ కొబ్బరి నూనె పేరుకోవడానికి అది చాలు. ఇరవై నాలుగు డిగ్రీల కిందికి దిగితే అది గడ్డకడుతుంది. బాత్రూంలో సీసాని వేడినీళ్ళలో పెట్టి కరిగించుకుంటున్న మనిషిని, అదే నూనె గొట్టంలోనూ పేరుకుంటుందని తోచలేదు నాకు! పైగా వేపచెట్టు కింద దుమ్మంతా ఆ జిడ్డుకి అంటుకుని, పుల్ల దిగినప్పుడల్లా లోపలికి వెళ్ళింది.

ఆ పొద్దున్న మామయ్యగారు రేడియో తిప్పగానే మోటారు గరగరమంది. పుల్ల జానెడు లేచి ఆగిపోయింది. మోటారు మాత్రం ఆగలేదు. ఆ చప్పుడు వింటుంటే నా పళ్ళు జివ్వుమన్నాయి. వార్తలకి బదులు బుస్సుమని హోరు.

"ఏమ్మా, వార్తలు... రావట్లేదే?" అన్నారు నన్ను చూసి.

"సిగ్నల్ సరిగా లేదేమో మామయ్యగారూ" అన్నాను.

అబద్ధం. నోట్లోంచి ఎలా వచ్చేసిందో వచ్చేసింది. ఆయన తలూపి రేడియో కట్టేశారు. పుల్ల లోపలికి పూర్తిగా వెళ్ళలేదు. దానివైపు కాసేపు చూసి, కర్ర పట్టుకుని లోపలికి వచ్చేశారు. మర్నాడూ వెళ్ళారు. ఆ మర్నాడు వెళ్ళలేదు.

ఇక నా పాట్లు చూడండి. పక్క వీధి మెకానిక్ అబ్బాయిని పిలిపించాను. వాడు వేలితో పుల్లని ముట్టుకుని, వాసన చూసి, నా వైపు చూశాడు. "ఎవరమ్మా ఇది రాసింది?" అన్నాడు. "ఏమో బాబూ" అన్నాను. రెండో అబద్ధం. గ్రీజు రాద్దామా అంటే వద్దన్నాడు. గ్రీజు చిక్కటిది, కదలకుండా ఒకచోట మూసి ఉండే వాటికి మంచిదట. ఇలా బయటికి వచ్చి దుమ్ము తిని లోపలికి వెళ్ళేదానికి రాస్తే, ఆ దుమ్మూ గ్రీజూ కలిసి గరుకు కాగితంలా గొట్టాల్ని అరగదీస్తాయట. "మొత్తం మార్చేస్తే రెండు వేల దాకా అవుద్దమ్మా, క్యాష్ అయితే" అన్నాడు. ఆ నెలలో క్యాష్ అనే మాట వింటేనే నవ్వొచ్చేది అందరికీ.

రాత్రి అత్తయ్యగారి దగ్గర కూర్చుని మాట వరసకి అడిగాను, ఏ నూనె మంచిదని. ఆవిడ చిన్నప్పటి ఎడ్లబండి కథ ఎత్తుకున్నారు. బండి కింద కందెన గొట్టం వేలాడుతుండేదట. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన చేసేవారట. "మా నాన్న ఇరుసుకి కొత్త కందెన పెట్టేముందు పాతదంతా పుల్లతో గీకి, గుడ్డతో తుడిచేవాడే అమ్మాయ్. పాతదాని మీద కొత్తది పూస్తే ఇరుసుని తినేస్తుందనేవాడు" అన్నారు.

నాకు ఆ మాట దగ్గర ఆగిపోవాలనిపించింది. నేను చేసింది సరిగ్గా అదే. తుడవకుండా పూశాను.

ఆముదం రాద్దామా అని కూడా ఆలోచించాను. మొదటి ప్రపంచయుద్ధం నాటి విమానాల ఇంజన్లకి ఆముదమే వాడేవారని, కాస్ట్రాల్ అన్న పేరు కూడా ఆముదం ఇంగ్లీషు పేరు నుంచే వచ్చిందని మావారు చెబితే ఆశ్చర్యపోయాను. కానీ ఆముదం చిక్కన, పట్టుకుంటే వదలదు. బండి ఇరుసుకి ఆ పట్టే కావాలి. పెన్సిల్లా సన్నటి గొట్టాలకి అది పనికిరాదు. నువ్వుల నూనె, పల్లీ నూనె, పొద్దుతిరుగుడు నూనె సంగతి మనకి వేరే చెప్పక్కర్లేదు. నూనె డబ్బా పెట్టే అలమరలో అడుగున ఏం పేరుకుంటుందో, ఎంత రుద్దితే పోతుందో మన గోళ్ళకి తెలుసు. తినే నూనెలు గాలి తగిలి జిగురుగా మారిపోతాయి. యంత్రాలకి అవి పనికిరావు.

మావారు మాత్రం, చదువుకున్నాయన కదా, ఫోన్‌లో వీడియోలు చూసి డబ్ల్యూడీ-40 స్ప్రే తెప్పించారు. ఆన్‌లైన్‌లో కార్డుతో కొనొచ్చు కనుక ఆ నెలలో అదే సులువైంది. దాని పేరులో డబ్ల్యూడీ అంటే నీటిని తరిమేదని, నలభయ్యో ప్రయత్నంలో కుదిరింది కనుక నలభై అని, 1953లో అమెరికాలో శాండియాగోలో తయారు చేశారని చదివి వినిపించారు. "ఇది కొడితే అయిపోతుంది" అన్నారు. నాకెందుకో సందేహం. అది ఎండిన జిడ్డుని వదిలించడానికి బాగుంటుంది సరే, తరవాత అక్కడ నిలబడి ఉండాల్సిన నూనె సంగతేమిటి? సిలికాన్ స్ప్రే ఇంకా మంచిది, ప్లాస్టిక్‌ని ఏమీ చెయ్యదు, దుమ్ము పట్టదు అని ఇంకో వీడియోలో ఉందన్నారు. మెకానిక్ అబ్బాయి, "ఆ పక్కన రేకు తుప్పుపట్టింది, రంగు వేయించాలంటారు కదా సార్, సిలికాన్ పడితే రంగు పట్టదు, గుంటలు గుంటలుగా వస్తుంది" అన్నాడు. మరి తాళాలకి వేసే గ్రాఫైటు పొడో? పెన్సిల్ ములుకే కదా అది, అందులోంచి కరెంటు పోతుంది. యాంటెన్నా పుల్ల కారు రేకుకి తగలకుండా మధ్యలో ప్లాస్టిక్ బిరడా పెట్టేదే అందుకు. ఆ పొడి అక్కడ పేరుకుంటే రేడియో సిగ్నల్ రేకులోకి జారిపోతుందని మావారే వద్దన్నారు.

ఇలా మేము నూనెల గురించి వాదించుకుంటుండగా ఒక ఆదివారం బ్రోకరు వచ్చాడు. కారు చుట్టూ తిరిగి ధర చెప్పాడు. మావారు మామయ్యగారి వైపు చూశారు. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"అమ్మెయ్యరా" అన్నారు. "రేడియో కూడా... పోయింది. ఇంకెందుకూ."

నా గుండెలో రాయి పడింది. నా కొబ్బరి నూనె, నా అబద్ధం కలిసి ఆయన చేత ఆ మాట అనిపించాయి. బ్రోకరు వెళ్ళేదాకా ఆగలేకపోయాను. అందరి ముందే చెప్పేశాను. "రేడియో పోలేదు మామయ్యగారూ. సిగ్నల్ కాదు. నేనే యాంటెన్నాకి కొబ్బరి నూనె రాశాను. గడ్డకట్టి పట్టేసింది. భయపడి చెప్పలేదు."

మావారు నోరు తెరిచారు. మామయ్యగారు మాత్రం మెల్లగా నవ్వారు. ఆయన నవ్వు పక్షవాతం తరవాత ఒకవైపే వస్తుంది.

"నాకు తెలుసమ్మా. ఆ రోజే... పుల్ల పట్టుకు చూశాను. వాసన వచ్చింది."

"మరి నన్ను అడగలేదేం?"

"నా కోసం చేశావు. అడిగితే... మళ్ళీ చెయ్యి పెట్టవేమోనని."

నేను లోపలికి వెళ్ళిపోయాను. కాసేపు వంటింట్లో ఊరికే గిన్నెలు సర్దాను. అప్పుడు కనపడింది, కిటికీ పక్కన నా కుట్టుమిషను.

మిషను బిగుసుకుపోతే మనం ఏం చేస్తాం? మా అమ్మ నేర్పిందే. ముందు కిరోసిన్ చుక్కలు వేసి, సూది తీసేసి ఊరికే తొక్కుతాం. నల్లగా మడ్డి కారుతుంది, తుడుస్తాం. మళ్ళీ వేస్తాం, మళ్ళీ తుడుస్తాం. తెల్లగుడ్డ తెల్లగానే వచ్చేదాకా. అప్పుడు కదా మిషను నూనె, అదీ ఒక్కో రంధ్రానికి ఒక్కో చుక్క. ఆ నూనె నీళ్ళలా పల్చగా ఉంటుంది, చలికి పేరుకోదు, జిగురు కట్టదు. ఇరవై ఏళ్ళుగా వారానికోసారి నేను చేస్తున్న పనే. అడగాల్సిన వాళ్ళందరినీ అడిగాను, నా మిషనుని తప్ప.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాం. మామయ్యగారిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాం. మావారు స్ప్రే, నేను పాత నూలు చీర ముక్కలు. "వెయ్యండి మామయ్యగారూ" అంటే ఆయన రేడియో వేస్తారు. "ఆపండి" అంటే ఆపుతారు. మొదట జానెడే లేచింది. మావారు చేత్తో నెమ్మదిగా, వంకరపోకుండా నిటారుగా లాగారు. దానిమీద, మూతి దగ్గర స్ప్రే కొట్టి, పది నిమిషాలు ఆగి తుడిచాను. గుడ్డ మీద బూడిదరంగు ముద్ద. కొబ్బరి నూనె వాసన గుప్పుమంది. మావారు నా వైపు చూసి ఏమీ అనలేదు, అదే పదివేలు.

మోటారు వేడెక్కకుండా మధ్యమధ్య ఆపాం. ఆ గరగర చప్పుడు వచ్చిందంటే వెంటనే కట్టెయ్యాలి. పుల్ల కదలకపోయినా మోటారు తిరుగుతూనే ఉంటే, లోపల చక్రం నైలాన్ తాడు పళ్ళని కొరికేస్తుంది. మేము అన్ని రోజులు అలా వదిలేసినందుకు పళ్ళు పూర్తిగా పోకపోవడం మా అదృష్టం. మోటారు డబ్బాకి అడుగున నీళ్ళు పోయే సన్న గొట్టం కూడా ఉంది, అది వేప చెత్తతో మూసుకుపోయి ఉంటే మావారు తీగతో పొడిచారు.

మూడు రోజులు పట్టింది. రోజుకో గంట. మూడో సాయంత్రానికి గుడ్డ తెల్లగా వచ్చింది. అప్పుడు మెత్తటి గుడ్డకి మిషను నూనె రెండు చుక్కలు వేసి, పుల్లని పైనుంచి కిందికి తుడిచాను. పూయలేదు, తుడిచానంతే. నాలుగుసార్లు లేపి దించి, పైకొచ్చిన మిగులు నూనెని పొడిగుడ్డతో తీసేశాను. చేత్తో ముట్టుకుంటే తడి తెలియకూడదు, నునుపు మాత్రం తెలియాలి.

"ఇప్పుడు వెయ్యండి మామయ్యగారూ."

జుయ్‌య్ మని లేచింది. చివరి ముక్క మాత్రం రాలేదు. అది ఎన్నడో వంగిపోయినట్టుంది. నాలుగు వేళ్ళంత తక్కువగా ఆగింది. ఎఫ్ఎంకి ముప్పావు మీటరు పుల్ల ఉంటే మంచిదట కానీ, మామయ్యగారి 837 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్‌కి ఆ నాలుగు వేళ్ళూ లెక్కలోకి రాలేదు. విజయవాడ కేంద్రం ఖంగుమంది. అత్తయ్యగారు లోపలినుంచి, "సౌండు తగ్గించండి, ఊరంతా వినాలా!" అని కేకేశారు. ఎన్నాళ్ళకో ఆవిడ ఆయన్ని అలా కసిరారు. ఆయనకి జబ్బు చేసిన దగ్గరనుంచి ఆవిడ గొంతు పెంచడమే మానేశారు.

బ్రోకరు మళ్ళీ ఫోను చేస్తే మావారు ఏదో చెప్పి పెట్టేశారు. 2017లో రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించారు. నన్ను అడక్కుండానే.

ఆ తరవాత నెలకోసారి, సాధారణంగా పౌర్ణమి ముందు రోజు, యాంటెన్నా తుడవడం నా పనీ, రేడియో వేసి ఆపడం మామయ్యగారి పనీ అయింది. మిషను నూనె సీసా ఒకటి కార్లోనే అరలో పెట్టాం. దుమ్ము తుడవకుండా నూనె ముట్టుకోకూడదన్నది మా నియమం. కడిగేటప్పుడు, వాన పడేటప్పుడు పుల్ల లోపలే ఉండాలి. ఇంతే దాని సేవ. తలుపు బందుకైనా, ఫ్యానుకైనా, కత్తెరకైనా ఇదే పద్ధతి చూసుకోండి, ముందు తుడుపు, తరవాత చుక్క.

2019 వేసవిలో మామయ్యగారు వెళ్ళిపోయారు. ఆ ముందు రోజు కూడా వార్తలు విన్నారు. కారు ఇంకో ఏడాది వేపచెట్టు కిందే ఉంది, ఎవరమూ దాని మాట ఎత్తలేదు. చివరికి మెకానిక్ అబ్బాయే వచ్చి, "వాడుకుంటానమ్మా, అమ్మను" అని అడిగితే ఇచ్చేశాం. తాళాలు ఇస్తూ అరలోంచి మిషను నూనె సీసా తీసి చూపించాను.

"యాంటెన్నాకి ఇదే వెయ్యి బాబూ. తుడిచి వెయ్యి."

వాడు తలూపి, నవ్వాపుకుంటూ అన్నాడు. "అలాగేనమ్మా. కొబ్బరి నూనె మాత్రం రాయను."